జానెడు తక్కువ దుప్పటి

కాగులో ఉడుకుతున్న దుప్పటిని కర్రతో పైకెత్తి ఆమె వెలుతురుకు పట్టి చూసింది. మరక పోలేదు. మళ్ళీ ముంచింది.

చర్చి వెనక రేకుల గది అది. రెండు కాగులు, ఒక సిమెంటు తొట్టి, గోడవారన ఇస్త్రీ బల్ల, మూలన మహిళా సమాజం వాళ్ళ కుట్టుమిషను. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి, సెలవు దొరికే ఒక్క గురువారమూ ఇక్కడికొచ్చి అదే పని చేస్తుంది. ఇక్కడ జీతం లేదు. పిన్నీ, నీకు సెలవంటే అర్థం తెలుసా అని తోడుగా వచ్చే కండక్టరు భార్య ఎన్నోసార్లు అడిగింది. కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని ఆమె జవాబు. అబద్ధం. నిలబడితేనే పట్టేస్తాయి.

యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి జారింది. ముప్పై ఏళ్ళు ఇస్త్రీపెట్టె అటే లాగింది. ముంజేతుల మీద కాలిన మచ్చలు, కొన్ని పాతవి, ఒకటి నిన్నటిది. నడుస్తూ నడుస్తూ ఎక్కడ ముడతపడ్డ బట్ట కనపడినా చెయ్యి దానంతటదే వెళ్ళి సాపు చేస్తుంది. బస్సులో పక్క మనిషి కండువా కూడా సాపు చేసి ఒకసారి తిట్లు తింది.

చుట్టుపక్కల వీధుల్లో మంచాన పడ్డవాళ్ళు పదిహేడు మంది. ఏ మతమని అడగరు. గురువారం గురువారం వాళ్ళ మురికి దుప్పటి తెచ్చుకుని, ఉతికిన దుప్పటి పరిచి వస్తారు. ఈ పని మొదలుపెట్టింది పాస్టరూ కాదు, సంఘమూ కాదు. ఈమె. కన్నతల్లి ఆఖరి నెలలో ఈమె ఆసుపత్రిలో రోజుకు నాలుగు వందల దుప్పట్లు ఇస్త్రీ చేసి ఇంటికి చేరేది. ఇంట్లో తల్లి తడి దుప్పటి మీద పడి ఉండేది. మార్చడానికి ఇంకోటి ఉంటే ఆరేది కాదు, ఆరితే మార్చే మనిషి ఉండేది కాదు. వీపంతా పుండై ఆ తల్లి పోయింది. మరుసటి వారం పాస్టరు ఓదార్చడానికి వచ్చి, నీకోసం ఏమని ప్రార్థించమంటావమ్మా అన్నాడు. ఆమె ఒక కాగు అడిగింది.

ఇప్పుడు కొత్త గొడవ. ఏడాదిలో పన్నెండు దుప్పట్లు మాయమయ్యాయి. ఎవరో పాతబట్టల కొట్టుకు అమ్ముకున్నారు. సంఘ పెద్దకు కలప అడితీ ఉంది. దుంగల మీద గుర్తులు కొట్టించడం అలవాటైన మనిషి, దుప్పట్లకూ అదే మందు వేశాడు. ప్రతి దుప్పటికీ తలవైపు అంచున జానెడు అక్షరాలు, ఉతికినా ఊడని నల్లరంగు: చర్చి దానం. ముద్ర లేని దుప్పటి గది దాటకూడదని నియమం కూడా పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఆ దుప్పట్లలో సగం ఆయన కొనిచ్చినవే. కాకపోతే ఆయన ఒంట్లో బాగుండి నడుస్తున్న మనిషి. దొంగ కోసం చేయించిన ముద్ర తీసుకెళ్ళి రోగి తల కింద కొట్టాడు.

ముద్ర దుప్పట్లు మొదటిసారి ఇళ్ళకు వెళ్ళింది ఆ ఉదయమే. పదహారు ఇళ్ళు గడిచాయి. చదువురాని ముసలమ్మ ఆ అక్షరాలను డిజైనుకుని మురిసింది. కొందరు చూసి ముఖం గోడకు తిప్పుకున్నారు. తిరగ్గొట్టిన ఇల్లు ఒక్కటే, చివరిది.

పోస్టుమాస్టారికి ఎనభై. గుండె నీరసించింది, రోజులే అని డాక్టరు చెప్పి వారమైంది. చూసుకునేది విధవ చెల్లెలు, ఆమెకూ డెబ్భై. మూడు రోజులుగా ముసురు. ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లూ తడిసి దండెం మీద వేలాడుతున్నాయి. ఆయన కింద ఉన్నది కూడా తడే. వీపు మీద ఎర్రగా కందిన చోటు, రేపో మాపో తెరుచుకునేలా ఉంది. తల్లి వీపు మీద చూసిన రంగు అది, ఆమెకు తెలుసు.

ఆయన కళ్ళజోడు పెట్టించుకుని ముద్ర చదివాడు.

"నలభై ఏళ్ళు ముద్రలు కొట్టాను అమ్మాయ్. కొట్టించుకుని పోలేను."

యాభై ఎనిమిదేళ్ళ మనిషిని అమ్మాయ్ అని పిలిచేవాడు లోకంలో ఆయనొక్కడే మిగిలాడు. పోనీ అక్షరాలు కాళ్ళవైపు వేస్తానంది.

"మీ చర్చి పేరు నా కాళ్ళ కిందా? మీ మతం కాకపోయినా అంత మర్యాద తప్పను."

చెల్లెలు బతిమాలింది, విసుక్కుంది, చివరికి ఏడ్చింది. ఆయన తడి దుప్పటి అంచును పిడికిట పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెచ్చిన దుప్పటిని చంకన పెట్టుకుని ఆమె బయటికొచ్చింది.

రేకుల గదిలో వచ్చే వారానికి మడతపెట్టిన పదిహేడు ఉన్నాయి. తిరిగొచ్చినదాంతో పద్దెనిమిది. మహిళా సమాజం కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసింది. తిరిగొచ్చినదాన్ని బల్ల మీద పరిచి, ముద్ర కింద నుంచి ఒకే కోత కోసింది. చాలు కదా పిన్నీ, ఇది ఒక్కటి ఎవరికీ తెలియకుండా ఇచ్చేద్దాం అంది కండక్టరు భార్య.

"ఒక్కటి కోస్తే దొంగతనం. అన్నీ కోస్తే పేచీ. నాకు పేచీయే నయం."

 కండక్టరు భార్య కుట్టుమిషను మీద గుడ్డ తొలగించి, కోసిన అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి సంఘ పెద్ద వచ్చాడు. నేల మీది నల్ల పేలికల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రేపు మళ్ళీ దుప్పట్లు పోతే ఎవరిది పూచీ అని అడిగాడు.

"పోనివ్వండి పెద్దయ్యగారూ. కొనుక్కున్నవాడూ వాటి మీదే పడుకుంటాడు. దుప్పటి దాని పని అది చేస్తుంది."

సంఘం తీర్మానాన్ని కత్తిరించడానికి నువ్వెవరివన్నాడు.  ఇస్త్రీ చేసే మనిషినని ఆమె అంది. గది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు, వచ్చే గురువారం నుంచి వేరేవాళ్ళు చూసుకుంటారన్నాడు. ఆమె పెట్టేసి, మొదట కోసి కుట్టిన దుప్పటిని చంకన పెట్టుకుంది. ఆ దుప్పటిని ఆయన చూశాడు. అడగలేదు. దారి మాత్రం ఇచ్చాడు.

పోస్టుమాస్టారింట్లో ఆమె ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. ఆయన్ని పక్కకు ఒత్తిగిల్లించి, తడి దుప్పటిని వీపు దాకా చాపలా చుట్టింది. వీపు తుడిచి, పౌడరు అద్ది, పొడి దుప్పటి సగం పరిచింది. మళ్ళీ ఇటు తిప్పి మిగతా సగం లాగింది. ఒక్క ముడత లేదు. ఆయన చెయ్యి తలవైపు అంచును తడిమింది. వేళ్ళకు కొత్త కుట్టు తగిలింది.

"కాళ్ళ దగ్గర జానెడు తక్కువైందే."

"మీరే జానెడు తగ్గారు మాస్టారూ. సరిపోతుంది."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గింది. చర్చిలో ఏమన్నారని అడిగాడు. ఇక రావద్దన్నారని చెప్పింది.

వెళ్ళిన ఇళ్ళలో మంచినీళ్ళయినా ముట్టకూడదని దుప్పట్లు మార్చేవాళ్ళకో కట్టుబాటు. లేనివాళ్ళకు భారం కాకూడదని పెట్టుకున్నారు. మూడేళ్ళుగా ఆమె ఈ ఇంట్లో నిలబడే పని చేసి నిలబడే వెళ్ళింది. తీసుకునేవాడికి తిరిగి ఇచ్చే దారే లేకుండా చేశామని వాళ్ళెవరికీ తట్టలేదు.

"అయితే ఇవాళ నిన్నెవరూ పంపలేదన్నమాట," అన్నాడాయన. "అంటే చుట్టపుచూపుగా వచ్చావు. కూర్చో. టీ తాగి వెళ్ళు."

చెల్లెలు వంటింట్లోకి పరుగులాంటి నడక నడిచింది. ఆమె మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన అరచెయ్యి పొడి దుప్పటి మీద అటూ ఇటూ మెల్లగా కదులుతోంది, బల్ల మీద దుమ్ము తుడుస్తున్నట్టు. చక్కెర తనకు వద్దని వంటింటివైపు ఒకసారి గుర్తుచేశాడు. బయట వాన ఆగింది. లోపల కప్పులో చెంచా చప్పుడవుతుండగా చెయ్యి ఆగింది.

ఆమె కాసేపు ఆయన ఛాతీ వైపు చూసింది. ఆసుపత్రి మనిషి, తెలుసు. ఎవర్నీ పిలవలేదు. ఆయన మోచేతి కింద పడ్డ చిన్న ముడతను సాపు చేసింది.

చెల్లెలు పళ్ళెంతో గడప దగ్గరికొచ్చి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. పళ్ళెం కిటికీ గట్టు మీద దించి, వచ్చి అన్న కాళ్ళ దగ్గర కూర్చుంది. 

"పొడిగా ఉన్నాడా?"

"పొడిగానే ఉన్నారు అక్కయ్యా."

కిటికీ గట్టు మీద మూడు కప్పులున్నాయి. ఆయనది తెలియడానికి చక్కెర వేయని కప్పు మీద సాసరు బోర్లించి ఉంది. సాసరు లోపలివైపు పట్టిన ఆవిరి చుక్క చుక్కగా మళ్ళీ టీలోకి రాలుతోంది.