నేల మీద నిలిచిన విమానం

పళ్ళక్క వాళ్ళ నాన్నకు మాట పడిపోయాక మిగిలింది ఒక్క మాటే. "కాదు." ఆకలేస్తోందా అంటే కాదు, కడుపు నిండిందా అంటే కాదు. పక్షవాతం కుడిచేతినీ, కుడికాలినీ, మిగతా మాటలన్నిటినీ ఊడ్చుకుపోతూ ఆ ఒక్కదాన్ని ఎందుకు వదిలిపెట్టిందో దేవుడికే తెలియాలి.

"ఇందులో వింతేముంది?" అనేది అమ్మ. "ఆయన ఉద్యోగమంతా అదేగా. విమానం చుట్టూ ఒకసారి తిరగడం, ఇది ఎగరడానికి తయారు కాదు పొమ్మనడం. పైలట్లు ఆ మాటకే హడలిపోయేవాళ్ళు. నోటికి అలవాటైంది, నాలుకను పట్టుకుని వేలాడుతోంది."

ఆయన ఒక చిన్న విమానాశ్రయంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురు కట్టుడుపళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. మైనం పోసి, అచ్చు తీసి, అరగదీసి, ముసలివాళ్ళ నోటికి మళ్ళీ నవ్వు తెచ్చే పని. అందుకే అందరికీ పళ్ళక్క. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా ఓ క్షణం ఆగి పలుకుతుంది.

ఈమధ్య నాన్నకు మింగడం కష్టమవుతోంది. గంజి కూడా గొంతులో అడ్డం పడి, ఊపిరితిత్తుల్లోకి జారి, దగ్గుతో మంచం ఊగిపోతోంది. డాక్టరు ఇంటికొచ్చి చూశాడు.

"ఆస్పత్రిలో చేర్చి పొట్టకు గొట్టం వేయొచ్చమ్మా. వేస్తే కొన్ని నెలలు నిలబడొచ్చు. మాట, చెయ్యి మాత్రం తిరిగి రావు. వద్దనుకుంటే ఇంట్లోనే, నొప్పి తెలియకుండా చూసుకుందాం. ఆయనేమంటారో కనుక్కోండి."

"ఆయన కాదు తప్ప ఏమీ అనరు డాక్టరుగారూ."

"అయితే మీరే తేల్చుకోవాలి."

అమ్మ చేతులెత్తేసింది. "నువ్వెలా అంటే అలా తల్లీ." పళ్ళక్క అడకత్తెరలో పోకచెక్కలా నలగలేదు. ఆమెకు అనుమానమే లేదు. నాన్న బతకాలి, అంతే. సోమవారం పొద్దున్నే అంబులెన్సు రమ్మని చెప్పేసింది. ఆ సంగతి నాన్నకు చెప్పినప్పుడు ఆయన "కాదు" అన్నాడు. "అలాగే అంటావులే నాన్నా" అని దుప్పటి సర్దింది. మొదటిసారి, పక్షవాతం వచ్చినప్పుడు, ఆస్పత్రిలో ముక్కులో గొట్టం పీకేస్తున్నాడని ఎడమచేతిని మంచం పట్టీకి కట్టారు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒక పని వెతుక్కుని లేచిపోయేది.

బొమ్మల దుకాణం అద్దంలో ఆ పెట్టె కనబడింది అలాంటి రోజుల్లోనే. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే చిన్న విమానం. పెట్టె మీది బొమ్మ చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ముందు రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం, ముక్కున ఒంటి ఇంజను. టపా, మందులు మోసే విమానం. నాన్న సగం జీవితం దాని పొట్ట కిందే గడిచింది. ఇది చూస్తే నాన్నలో ఆశ లేస్తుంది, ఆశ లేస్తే ఒంట్లో సత్తువ లేస్తుంది, సోమవారానికి ధైర్యంగా బయల్దేరతాడు అనుకుంది. ఆకాశంలో ఎగురుతున్నట్టు నిలబెట్టడానికి పెట్టెలో ఒక గాజులాంటి కాడ కూడా ఉంది. ఆమెకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నాన్న మంచం పక్కనే బల్ల వేసుకుని కూర్చుంది. చట్రానికి అంటుకుని ఉన్న ముక్కలను ఒక్కొక్కటే తుంచి, తుంచిన మొన మిగిలిన చోట సన్న ఉప్పుకాగితంతో రుద్దింది. జిగురు పెట్టకముందే ముక్కలను జతచేసి చూసింది. రెక్క పొట్టకు సరిగ్గా ఆనడం లేదు. కట్టుడుపళ్ళకు చేసినట్టే మధ్యలో నీలికాగితం పెట్టి నొక్కింది. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలిమచ్చ పడింది. మచ్చ పడ్డచోట గీకింది. మళ్ళీ నొక్కింది. వెంట్రుక దూరే సందు కూడా లేకుండా రెక్క కూర్చుంది.

సాయంత్రం స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చిన భర్త గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏంటిది, ఇప్పుడు విమానాలకు కూడా పళ్ళు కడుతున్నావా?"

"మీ నోటికి కుట్లు వేయడం కూడా వచ్చు నాకు."

నాన్న పెదవి ఎడమవైపున కాస్త కదిలింది. నవ్వేనని పళ్ళక్క గట్టిగా నమ్మింది.

పొట్ట రెండు సగాలూ అతికించి చూపిస్తే నాన్న "కాదు" అన్నాడు. ఎడమచేతి వేలు విమానం ముక్కు మీద ఆనించి మళ్ళీ "కాదు" అన్నాడు. అలవాటు మాటేలే అనుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు. గోడ మీది ఫొటో దింపి చూసింది. అందులో నాన్న ఆ విమానం ఇంజను పక్కన, దాని ముక్కుకున్న పంకా మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. ఫొటోలో విమానం ముందు సగమే పడింది, తోక లేదు. దారంతో కొలిచి, చక్రంతో పోల్చి లెక్కగట్టింది. నిజమే. పెట్టెలోని ముక్కు పొట్టిగా ఉంది. అచ్చు చేసినవాడు ఎక్కడో పొరబడ్డాడు.

ఆ మర్నాడంతా ముక్కుతోనే సరిపోయింది. ఇంజను మూత కోసి, మధ్యలో ప్లాస్టిక్ రేకు పొరలు పేర్చి, సందుల్లో లప్పం కూరి, ఆరాక రుద్దింది. పోయిన గీతలను పళ్ళపనికి వాడే సూదితో మళ్ళీ గీసింది. చూసుకుంటే తనకే ముచ్చటేసింది. తోక దగ్గర అడ్డరెక్కలకు వెనక అంచున విడిగా రెండు పలకలున్నాయి. అసలు విమానంలో అవి మడతబందుల మీద పైకీ కిందికీ ఆడతాయి. వాటిని అడ్డరెక్కతో కత్తి అంచులా ఒకే వరసలో అతికించింది. పళ్ళవరస తీర్చిన చెయ్యి అది. వంకర అన్నది దానికి తెలియదు.

గాజుకాడ మీద విమానాన్ని నిలబెట్టి నాన్న ఒడిలోని పళ్ళెంలో పెట్టింది. "చూడు నాన్నా, ఎలా లేచిందో!"

నాన్న కాడ పట్టుకుని ఊడబెరికాడు. విమానాన్ని చక్రాల మీద పళ్ళెంలో నిలబెట్టాడు. బొటనవేలితో తోక పలక మీద అదిమాడు. "కాదు." ఇంకా అదిమాడు. పలక కిర్రుమంది.

"విరిగిపోతుంది నాన్నా! రెండ్రోజులు కూర్చుని చేశాను, తెలుసా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పళ్ళక్కకు పంటి కింద రాయి పడ్డట్టయింది. ఆ చేతిని ఒకప్పుడు కట్టేశారు. ఇప్పుడు తను కసురుకుంది. అయినా కోపం పోలేదు. ముక్కు సంగతి గుడ్డివాడు విసిరిన రాయి తగిలినట్టు కుదిరిందేమో, అంతటితో ఆయనకేదో తెలుస్తోందని తను మురిసిపోయిందేమో అనుకుంది.

నాన్న ఎడమచేతిని దుప్పటి పైన గాల్లో చాచి, మణికట్టు దగ్గర్నుంచి మెల్లగా కిందికి వాల్చాడు. మళ్ళీ చాచాడు. మళ్ళీ వాల్చాడు.

"చెయ్యి నొప్పా నాన్నా?"

"కాదు."

భర్త గుమ్మంలోంచే అన్నాడు. "కుక్కతోక వంకర అంటారు గానీ, విమానం తోకక్కూడా వంకర కావాలా మామయ్యా?"

గంజిగిన్నె పట్టుకుని వస్తున్న అమ్మ ఆ మాటకు ఆగిపోయింది. మంచం మీది నాన్న చేతినీ, పళ్ళెంలోని విమానాన్నీ మార్చి మార్చి చూసింది.

"అవునే అమ్మాయ్, వంకరే! మీ నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని కదా, షెడ్డులో నిలిపిన విమానాలకు ఈ పలకలు కిందికి వాలి ఉండేవి. పైలట్టు దిగిపోయాక వాటిని పట్టేవాడుండడట, వాటి బరువుకవే వాలిపోతాయట. నిద్రపోయే పిట్టలా ఉందండీ అంటే ఈయన ఎంత నవ్వారో."

"ఎగురుతున్నప్పుడు తిన్నగానే ఉంటాయి కదమ్మా. నేను ఎగురుతున్నట్టే చేశాను."

"ఎగిరేది ఈయనెప్పుడు చూశారే? అది లేచాక ఈయనకేం పని? దిగి వచ్చి, ఇంజను చల్లారాకే కదా ఈయన దాని దగ్గరికి వెళ్ళేది."

నాన్న అమ్మ వైపు చూస్తున్నాడు. ఆ ఒక్క మాట కూడా అనలేదు.

పళ్ళక్క విమానాన్ని తీసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుగు ఇంకా ఉంది. సన్న రంపంతో జిగురు గీత వెంట కోయసాగింది. కోస్తూ దేవుడితో మాట్లాడుకుంది, ఎప్పటిలాగే. నాన్నను లేపు స్వామీ అని రోజూ అడుగుతున్నాను. ఆయన కూడా నిన్ను ఏదో అడుగుతూనే ఉంటాడు కదా. ఒకే గదిలోంచి రెండు వేడికోళ్ళు ఎదురెదురుగా వస్తే నువ్వు ఏది వింటావు? నేను గట్టిగా అరుస్తున్నానని నాదే వింటున్నావా?

ఆకలి లేకుండా, కడుపు నిండకుండా కూడా మనిషి ఉండొచ్చునన్న, నాన్న చెప్పిన రెండు కాదులూ నిజమే అయ్యుండొచ్చునన్న సంగతి అప్పుడు తట్టింది. రంపం ఆగింది. మళ్ళీ కదిలింది.

రెండు పలకలూ ఊడివచ్చాయి. అంచులు గుండ్రంగా రుద్ది, కిందికి వాల్చి అతికించింది. గట్టిపడేదాకా వేళ్ళతో పట్టుకుని నిలబడింది. కాడ దూర్చడానికి పొట్టకింద ఉన్న చిల్లిని లప్పంతో పూడ్చింది. అప్పుడుగానీ అది విమానంలా కనబడలేదు. పని ముగించుకుని వచ్చి నిలబడ్డ, అలసిన విమానం.

పళ్ళెంలో పెట్టింది. నాన్న ముక్కు దగ్గర మొదలుపెట్టి, రెక్క మొదలు మీదుగా, తోకదాకా వేలితో నిమిరాడు. వాలిన పలక కింద వేలు ఆనించి ఉంచాడు. కూతురూ అల్లుడూ అమ్మా చూస్తున్నారు. ఆయన ఏమీ అనలేదు.

"ఇప్పుడు బాగుందా నాన్నా?"

ఏమీ అనలేదు. కళ్ళు మూసి తెరిచాడు.

పళ్ళక్క మంచం పట్టీ మీద కూర్చుంది. అడగడానికి ముందు దుప్పటి అంచు రెండుసార్లు సర్దింది. జవాబు తెలియకపోతే ఇంత భయం ఉండేది కాదు.

"సోమవారం ఆస్పత్రికి వెళ్దామా నాన్నా?"

"కాదు."

ఇన్నాళ్ళుగా ఇక్కడే ఆగిపోయింది ఆమె. రెండో ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం వినబడుతుందోనని.

"ఇంట్లోనే ఉండిపోతావా?"

వీధిలో ఎవరో తాళం వేసి గొళ్ళెం లాగి చూసుకుంటున్న చప్పుడు. నాన్న ఆమెనే చూస్తున్నాడు. పెదవులు విప్పలేదు. ఎడమచేతిని విమానం మీంచి తీసి ఆమె చేతిమీద వేశాడు.

పళ్ళక్క ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అమ్మ వైపు తిరగకుండానే అంది. "అంబులెన్సు వద్దని చెప్పేస్తానమ్మా. డాక్టరుగారిని ఇంటికే రమ్మందాం."

అమ్మ గిన్నె కింద పెట్టి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు కదే. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాక్కూడా వినబడలేదు."

భర్త ఫోను తెచ్చి పళ్ళక్క చేతికిచ్చాడు.

ఫోను చేశాక ఆమె దేవుడి ముందు కూర్చుంది. చేతులు జోడించింది. రోజూ అడిగే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కొత్తగా ఏమడగాలో తెలియలేదు. కళ్ళు మూసుకుని ఊరకే కూర్చుంది. అంతలో లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. జోడించిన చేతులు విడదీసుకుని, నాన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి లేచి వెళ్ళింది.