నలభై ఆరు అంగుళాల గొట్టం

రంపం పళ్ళలో పంతొమ్మిదోదాని మీద ఆకురాయి ఆనించి, వెర్లిన్ గోయిన్స్ ఊపిరి బిగబట్టి మూడుసార్లు తోశాడు. తర్వాత బొటనవేలితో పదును తడిమాడు. కంటితో చూడలేదు. ఏడాదిగా చూడటం మానేశాడు. వేలు చెప్పిందే నమ్ముతున్నాడు.

కంబర్లాండ్ కొండల్లోని ఆ కోతమిల్లులో అతను నలభై తొమ్మిదేళ్లుగా రంపాలకు పదును పెడుతున్నాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. కనుబొమల్లో ఎప్పుడూ ఓక్ పొట్టు. అతని పేరు ఏ బోర్డు మీదా లేదు గానీ, నున్నగా తెగిన పలకను తడిమినప్పుడల్లా పనివాళ్లు "ఇది వెర్లిన్ కోత" అనేవారు. ఆ మాట అతనికి చాలు.

మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టెను చిక్కుడుగింజల పులుసులో ముంచుతుంటే, దుంగలు మోయించే హోబర్ట్ తన గిన్నెతో వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"రేపే పందెం అన్నా! పోయిన నెల తోలు పట్టుకెళ్లావుగా. ఈసారి కొమ్ములూ ఉంచమని చెప్పనా?"

తుపాకీ గురి పందెంలో ఎద్దును ఐదు వాటాలేస్తారు. మొదటి నలుగురికి మాంసం, ఐదోవాడికి తోలూ కొవ్వూ. ముప్ఫై ఏళ్లుగా మాంసంతో ఇంటికెళ్లిన వెర్లిన్, పోయిన నెల తోలు భుజాన వేసుకుని నడిచాడు. అతని గుండ్లు గురిపలక మీద అరచేయంత మేర చెదిరిపోయాయి.

"తుపాకీ గొట్టం అరిగిపోయింది," అన్నాడు రొట్టె నములుతూ.

"గొట్టమా, కళ్లా? ఆ పక్క బల్లల మీద ముసలాళ్లంతా తుపాకీకి దుర్బీను బిగించుకుని కాలుస్తున్నారుగా. నీకూ కుర్చీ వేస్తారు."

"బోర్లా పడుకుని, తుపాకీ దుంగ మీద ఆనించి నేర్చుకున్నా, దుంగ మీదే కాలుస్తా. నువ్వు ముందు నీ పులుసు తాగు, చల్లారిపోతోంది."

ఆ రోజు శుక్రవారం కాబట్టి మిల్లు పెందలాడే వదిలేశారు. వెర్లిన్ తన తుపాకీని దుప్పట్లో చుట్టుకుని లియోటా క్రాబ్‌ట్రీ షెడ్డుకు వెళ్లాడు. మూతి నుంచి మందూ గుండూ కూరి కాల్చే పాతకాలపు తుపాకీ అది. వాటికి గొట్టాలు చేయడం లియోటా పని. తండ్రి వదిలివెళ్లిన చెక్క బల్ల మీద, గొట్టం లోపల మెలితిరిగే గాడులను ఆమె చేత్తోనే కోస్తుంది.

"గాడులు చచ్చాయి లియోటా. వేరే గొట్టం వెయ్యాలి. ఈసారి కాస్త పొడుగుది."

ఆమె కడ్డీ కొసకు నూనె పేలిక చుట్టి గొట్టంలోకి తోసింది. పేలిక ఎక్కడా జారలేదు, ఎక్కడా చిక్కుకోలేదు. ఈ చివరి నుంచి ఆ చివరి వరకూ ఒకే బిగువున నడిచింది. తర్వాత గొట్టం మూతిని కిటికీ వెలుగుకు తిప్పి చాలాసేపు లోపలికి చూసింది. వెర్లిన్ తన బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నీ చేతులు పొడుగు వెర్లిన్ అన్నా," అందామె చివరికి. "ఈ ముప్ఫై రెండంగుళాలు నీకు ఎప్పుడూ కురచే. రా, చూద్దాం."

అతని తుపాకీకి సరిపోయే గొట్టాలు మూడున్నాయి. ఒక్కోదాని కొసన చిన్న ఇత్తడి గురిముల్లును మైనంతో అంటించి, పెరట్లోని దుంగ మీద ఆనించింది. అరవై గజాల అవతల, మంటలో నల్లగా కాల్చిన పలక మీద తెల్ల కాగితం ముక్క. వెర్లిన్ గోనెపట్టా మీద బోర్లా పడుకున్నాడు.

ముప్ఫై ఆరంగుళాల గొట్టం మీద గురిముల్లు గొంగళిపురుగులా బొచ్చుబొచ్చుగా కనిపించింది. నలభై రెండు మీద ఒకటి రెండయింది. నలభై ఆరు మీద, కంటికి అంత దూరం జరిగాక, ఒక్కటే గీత. తేటగా, సన్నగా, అప్పుడే సానపట్టిన రంపం పన్నులా.

అతను లేవలేదు. లియోటా కూడా తొందరపెట్టలేదు.

"ఇది చేతికి బాగా ఒదిగింది," అన్నాడు.

"బరువన్నా. పద్నాలుగు పౌన్లు దాటుతుంది."

"మోసేది దుంగే కదమ్మాయ్."

పాత గొట్టం అడుగును మూసే బిరడా విప్పి కొత్తదానికి బిగించి, తుపాకీ కొయ్యకు పట్టి ఉంచే మేకు కోసం గాడి కోసి, గురిముల్లు దిగ్గొట్టేసరికి ఆమెకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ వెర్లిన్ ఊరికే కూర్చోలేదు. గోడకున్న ఆమె రంపాలు ఒక్కొక్కటే దించి పదును పెట్టాడు. తీరా కాల్చబోతే, మందు కూరే అతని తోపుడు కడ్డీ కొత్త గొట్టం అడుగుదాకా అందలేదు. ఇద్దరూ పకపకా నవ్వారు. లియోటా తన తండ్రి పొడుగు కడ్డీ తెచ్చి ఇచ్చింది.

మూడుసార్లు కాల్చాడు. పొగ కొండవాలు మీదికి తేలిపోయాక, తానే నడిచి పలక దగ్గరికెళ్లాడు. కంటిని నమ్మక బొటనవేలు పెట్టాడు. మూడు గుండ్లూ కలిసి ఒకటే చిల్లు. వేలు సరిగ్గా పట్టింది.

పలక చంకన పెట్టుకుని వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"పాత గొట్టానికి ఏ జబ్బూ లేదు లియోటా."

"పేలిక తోసినప్పుడే తెలిసింది."

"మరి అనలేదేం?"

"నువ్వొచ్చింది గొట్టం కోసం. కళ్ల డాక్టరు దగ్గరికి కాదుగా."

వెర్లిన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "దాన్ని కళ్లున్నవాడెవడికైనా ఇయ్యి. ఇంకో వందేళ్లు కొడుతుంది."

ఇంట్లో గోడమేకుల మీద పెడితే కొత్త తుపాకీ కిటికీకి అడ్డంగా చొచ్చుకొచ్చింది.

"ఏమయ్యా, నా తెర ఎక్కడ కట్టను?" అంది భార్య ఓపల్.

"తీసెయ్. వెలుతురొస్తుంది."

పలక చూపిస్తే ఆమె కూడా ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, "ఇంక తోలు తేవన్నమాట," అంది. అతను గర్వం దాచుకోలేక కిటికీవైపు తిరిగాడు. భోజనమయ్యాక పలకను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో వాలాడు. ఓపల్ గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి, అతని ఊపిరి ఆగిపోయి ఉంది. బొటనవేలు ఆ చిల్లులోనే ఉంది.

పందెం వారం వాయిదా వేశారు. పందెం రోజున హోబర్ట్ ఆ పలకను ఓపల్‌ని అడిగి తెచ్చి, వరసలో అన్నిటికన్నా ముందు మేకు కొట్టి నిలబెట్టాడు. సాయంత్రం దాకా ఎవరి పలకా దాని దరిదాపులకు రాలేదు. హోబర్ట్ టోపీ తీసి చిల్లు చుట్టూ తడిమి, "ఇది వెర్లిన్ కోత," అన్నాడు. ఆ రోజు మొదటి వాటాను నలుగురు కలిసి ఓపల్ ఇంటికి మోసుకెళ్లారు.

లియోటా షెడ్డు కిటికీలో, నూనె పట్టించిన ముప్ఫై రెండంగుళాల పాత గొట్టం ఆనించి ఉంది. ఒక్క గాడీ చెదరని దాని లోపల ఉదయపు వెలుగు మెలితిరుగుతోంది.