ఆఖరి తొట్టికి రాని వేడి

మధ్యాహ్నానికి మరో కట్ట దుప్పట్లు వెనక్కి వచ్చాయి. మరకలు మరకల్లాగే ఉన్నాయి. సూపర్‌వైజర్ వాటిని ఆఖరి తొట్టి దగ్గర పడేసి, ఉతికే ఆమె మొహం వంక కాకుండా నడుముకి దోపుకున్న కొంగు వంక చూశాడు.

"సబ్బుపొడి అందరికీ ఒకే కొలత ఇస్తున్నాం కదమ్మా. నీకే ఎందుకు చాలడం లేదు?"

"పొడి కాదు సార్. నీళ్లలో వేడి లేదు. చెయ్యి పెట్టి చూడండి."

ఆయన చెయ్యి పెట్టలేదు. పెడితే తెలుస్తుంది, తెలిస్తే బాగు చేయించాలి. అనుమానించడానికైతే పైసా ఖర్చు లేదు.

హోటళ్ల దుప్పట్లు ఉతికే షెడ్డు అది. బాయిలర్ నుంచి వేడినీళ్ల పైపు గోడ పైకెక్కి, సూపర్‌వైజర్ బల్ల మీదుగా ఆఖరి తొట్టి దాకా సాగుతూ, దారిలో వరసగా తొట్లలోకి దిగుతుంది. బల్లకి ఇవతల, బాయిలర్ పక్కన ఉన్న మొదటి తొట్టిలో నీళ్లు పొగలు కక్కుతాయి. అక్కడ ఉతికేది ఆమె వదినే. సబ్బుపొడి దొంగతనంగా పోతోందని కొద్దిరోజులుగా సాయంత్రం గేటు దగ్గర అందరి సంచులూ చూస్తున్నారు. ఈమె సంచి మాత్రం బోర్లిస్తున్నారు. ఈ వారంలో దుప్పట్లు తెల్లబడకపోతే పనిలోకి రావద్దన్నారు. ఆ ఇంటికి వీళ్లిద్దరి కూలి తప్ప వేరే ఆధారం లేదు.

"నిజం చెప్పు," అంది వదిన దగ్గరికొచ్చి. "కాస్తో కూస్తో పట్టుకెళ్తున్నావా? నా కడుపులోనే దాచుకుంటాను."

"నువ్వూ అలాగే అనుకున్నావా వదినా? కుళాయి నిండా తిప్పుకునేది నువ్వు. నా దాకా ఏం మిగులుతుంది?"

వదిన మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. ఒక ఇంటివాళ్లే ఒకరి చేతులు ఒకరు కనిపెట్టుకుంటూ ఉతికారు. సూపర్‌వైజర్‌కి అదీ ఒకందుకు మంచిదే.

ఆయన భోజనానికి వెళ్లాక, బాయిలర్ చూడటానికొచ్చిన పైపుల మేస్త్రిని ఆమె బతిమాలింది. అతను పైపు వెంట చెయ్యి ఆనిస్తూ వచ్చి, బల్ల దాటగానే ఆగాడు. అక్కడి నుంచి పైపు చల్లగా ఉంది. బల్ల దగ్గరున్న కుర్చీ ఎక్కి, పైపు బాగా ఎత్తుగా ఉన్నచోట బొటనవేలంత ఇత్తడి బుడిపెను తడిమాడు.

"గాలి వాల్వు ఇది. నీళ్లు వేడెక్కితే గాలి పుడుతుంది. ఎత్తులో చేరి కూర్చుని, నీళ్లకి దారివ్వదు."

"మరి ఇదేం చేస్తుందన్నా?"

"లోపల చిన్న బెండు ఉంటుంది. గాలి చేరితే బెండు దిగి రంధ్రం తెరుచుకుంటుంది. నీళ్లొస్తే తేలి మూసుకుంటుంది. చేత్తో తిప్పి గాలి వదిలే రకాలూ ఉన్నాయి. ఊరికి నీళ్లిచ్చే లైన్లకైతే, నింపేటప్పుడు గాలిని బయటికి, ఖాళీ చేసేటప్పుడు లోపలికి పోనిచ్చే పెద్దవి పెడతారు. ఇది దానంతటదే పనిచేస్తుంది. కాకపోతే ఈ మూత కాస్త వదులుగా ఉండాలి. ఎవరో బిర్రుగా బిగించేశారు."

మూత వదులు చేయగానే బుస్సుమంది. చాలాసేపు అలా బుసకొట్టి ఆగింది. రెండు చుక్కలు కుర్చీలో పడ్డాయి. కాసేపటికి ఆఖరి తొట్టిలో ఆవిరి లేచింది. ఆమె చెయ్యి ముంచి, కాలినా తియ్యలేదు. ఏడుపొచ్చింది.

వదిన కుర్చీలో తడినే చూస్తోంది.

"బల్ల ఇక్కడికి జరిపిన రోజు, దీన్నుంచి చొక్కా మీద చుక్క పడిందని సార్ పట్టకారు అడిగాడు," అంది నెమ్మదిగా. "నేనే తెచ్చిచ్చాను."

"లోపల చెత్త ఇరుక్కుంటే కారుతుంది. కడగాలి గానీ బిగించకూడదు," అన్నాడు మేస్త్రి.

సూపర్‌వైజర్ వచ్చి తడిసిన కుర్చీనీ, పైపునీ, ఆడవాళ్లనీ చూశాడు. కుర్చీ తుడిపించి, దాని మీదెక్కి, తన చేత్తోనే మూత బిగించాడు.

"పైపు సంగతి మీకెందుకు? పొడి సంగతి తేలాలి."

సాయంత్రానికి ఆఖరి తొట్టి మళ్లీ చల్లబడింది. గేటు దగ్గర కాపలావాడు అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె సంచి గుండెకి హత్తుకుంది.

"ఇవ్వను."

"తప్పు చేయనిదానివి చూపించడానికేం?" అన్నాడు సూపర్‌వైజర్.

"మూత బిగించింది మీరు. ముందు అది విప్పండి సార్, తర్వాత నా సంచి."

కాపలావాడు ఆయన వంక చూశాడు. గేటు తెరుచుకోలేదు. ఆమె వెనకే నిలబడ్డ వదిన, చూపించడానికి అప్పటికే విప్పి పట్టుకున్న తన సంచి మూతిని మెలిపెట్టి ముడి వేసింది.