సుక్కి ఏడ్వలేదు

సౌందర్య ఆ లింకు నాకు పంపింది ఫిబ్రవరి మొదటి వారంలో, మిరపకాయలు ఏరుతున్న రోజుల్లో. మానుకోటకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా ఆమెది. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉండిపోయింది. 'తండా ముచ్చట' అని ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడుపుతుంది. ఫోన్‌తో ఫొటోలు తీస్తుంది, మనుషుల మాటలు రికార్డు చేస్తుంది, తనే రాసి పెడుతుంది. నేను ఒక దినపత్రికకు మానుకోట విలేకరిని. పదహారేళ్లుగా అదే పని.

లింకు కింద ఇలా రాసింది: "ఎల్లస్వామన్నా, జర చదువుండ్రి. మీ పేపర్ల వస్తె అధికార్లు కదులుతరు. మా పేజీ పేరు ఒక్క ముక్క రాస్తె సాలు."

సరేనని జవాబిచ్చాను.

ఆమె రాసింది చిన్న సంగతి కాదు. మండల కేంద్రంలో ఒక పురుగుమందుల దుకాణం పేరూ చీటీ లేని సీసాల్లో ఏదో మందు అమ్మింది. అది కొట్టిన తోటల్లో కాయలు ఏరిన పదిహేడు మంది ఆడవాళ్ల చేతులు బొబ్బలెక్కాయి. సౌందర్య పదిహేడు ఇళ్లకూ వెళ్లింది. ఎవరు ఏ తోటలో ఏ రోజు ఏరారో రాసుకుంది. ఖాళీ సీసాలు వెతికి దాచింది. దవాఖాన చీటీల ఫొటోలు పెట్టింది. మధ్యలో సుక్కి అనే ఆమె మాటలున్నాయి: "అన్నం కలుపుకుందామంటె చేతులు మండుతున్నయి. చెంచాతోని తినుడు నాకు రాదు." ఆ మాటలు రెండుసార్లు చదివాను.

వెళ్లి చూడాల్సింది. ఆ రోజు పట్టణంలో ఒక సభ ఉంది, మర్నాడు ఇంకొకటి. జిల్లా పేజీ చూసే రమేశ్ పొద్దుటి నుంచి పెద్ద వార్త కావాలని ఫోన్లు చేస్తున్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఫోన్‌లోనే రాశాను. 'తండా ముచ్చట పేజీ బయటపెట్టిన' అని మొదలుపెట్టి తుడిచేశాను. ఆ ముక్క ఉంటే నేను తండాకు వెళ్లలేదని తెలిసిపోతుంది. దాని బదులు 'మా ప్రతినిధి పరిశీలనలో తేలింది' అని పెట్టాను. సుక్కి అన్న పేరు చూడగానే నాకెందుకో నడుం వంగిన అవ్వ కళ్ల ముందు మెదిలింది. ఆమె మాటల ముందు 'వృద్ధురాలు' అని చేర్చాను. మాటల చివర 'అంటూ కన్నీటిపర్యంతమైంది' అని కూడా.

మర్నాడు వార్త నా పేరుతో పేజీ పైభాగంలో వచ్చింది. మధ్యాహ్నానికి తోటి విలేకరులు ఫోన్ చేసి మంచి పని చేశావన్నారు. సౌందర్య నుంచి చిన్న మెసేజ్ వచ్చింది: "వార్త చూసిన అన్నా. మా పేజీ పేరు కనవడలే."

"డెస్క్‌ల పోయినట్టుంది" అని జవాబు పెట్టాను. వార్తలు దిద్దే ఆ డెస్క్‌లో ఎవరూ ఏమీ తీయలేదు.

మూడో రోజు తండా బడి వరండాలో విచారణ పెట్టారు. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన అధికారిణి నా వార్త కత్తిరించి ఫైల్లో పెట్టుకుంది. దుకాణం యజమాని జగన్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నేను నోట్‌బుక్ పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాను.

"ముందు సుక్కి అనే ముసలమ్మను పిలవండి" అంది అధికారిణి.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వరసలో ఇరవై ఏళ్ల అమ్మాయి లేచి నిలబడింది. రెండు చేతులకూ గుడ్డ చుట్టి ఉంది.

"సుక్కి అంటె నేనె మేడం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. ఆదివారాలు కాయ ఏరవోత."

అధికారిణి కాగితం వైపు చూసి, ఆ అమ్మాయి వైపు చూసి, చివరికి నా వైపు చూసింది. "ఏడుస్తూ చెప్పారని రాశారే?"

"నేను ఏడ్వలేదు మేడం. ఈ సార్‌ను ఇయ్యాల్నె చూస్తున్న."

జగన్ కుర్చీలోంచి లేచాడు. "చూసిండ్రా మేడం. ముసలామె లేదు, ఏడ్సుడు లేదు. రాసినాయన గిటు దిక్కు రానేలేదు. సీసాల కత గూడ గట్లనె అల్లిండ్రు. నేనంటె గిట్టనోళ్ల పని గిది."

అధికారిణి ఫైలు మూసింది. చేతులకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంగతి నిజమనీ, అబద్ధం నేను కలిపిందేననీ చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నా ముందే గడిచిపోయింది.

అప్పుడు సౌందర్య ఒక సంచి పట్టుకుని ముందుకొచ్చింది. ఖాళీ సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి సీసాకూ కాగితం ముక్క అతికించి రైతు పేరూ, కొన్న తేదీ రాసి ఉంది. ఫోన్‌లో సుక్కి మాటలు వినిపించింది. ఆ మాటల్లో ఎక్కడా ఏడుపు లేదు.

"పేపర్ల వచ్చెటానికి రెండు రోజుల ముందె నేను పెట్టిన మేడం. తేదీ చూడుండ్రి."

అధికారిణి చదివింది. తర్వాత నన్ను అడిగింది. "మీ వార్త ఈ అమ్మాయి రాసిందాన్నుంచి తీసుకున్నదేనా?"

"మాకు చాన చోట్ల నుంచి సమాచారం వస్తది మేడం" అన్నాను.

సౌందర్య నా వైపు తిరగలేదు. వంగి సంచిలోంచి ఇంకో సీసా తీసింది.

సీసాల్లో మిగిలిన చుక్కలను పరీక్షకు పంపారు. వారం తిరక్కుండా దుకాణానికి తాళం పడింది. ఆడవాళ్లను జిల్లా దవాఖానకు తీసుకెళ్లారు. ఆ వార్తకు రమేశ్ పెట్టిన శీర్షిక 'మా కథనానికి స్పందన'. అది చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. రమేశ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. సౌందర్య పేరు వేయమన్నాను.

"ఫోన్లల్ల రాసేటోళ్ల పేర్లు మనం వెయ్యం అన్నా. ఒకరిదేస్తె రేపు అందరు అడుగుతరు" అన్నాడు. "వయసు తప్పంటున్నవు గదా, అది సవరిస్త."

రెండు రోజులకు పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి. వృద్ధురాలు అన్నచోట యువతి అని చదువుకోవాలట.

ఆ పేపరు పట్టుకుని బండి మీద తండాకు వెళ్లాను. సౌందర్య ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. పేపరు అందుకుని నిలబడే చదివింది.

"వయసు సరిజేసిండ్రు. కన్నీళ్లు గట్లనె ఉంచిండ్రు" అంది.

"డెస్క్ గాదు సౌందర్యా. మీ పేజీ పేరు తీసేసింది నేనే."

"నాకెరికే సార్."

ఎప్పుడూ అన్నా అని పిలిచే పిల్ల.

"ఆ దినం మేడం అడిగినప్పుడన్న చెప్తరనుకున్న" అంది. "సీసాలు దాచకపోతె ఏమైతుండె? పదిహేడు మంది అబద్ధం ఆడినట్టైతుండె."

అంతలో ఆమె తండ్రి దేవ్యా చేని నుంచి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. వద్దంటున్నా కుర్చీ వేసి నీళ్లు ఇచ్చాడు.

ఎదురు గోడకు నా వార్త అతికించి ఉంది. అన్నం మెతుకులతో అతికించినట్టున్నారు, అంచులు ముడతలు పడ్డాయి.

"నాకు సదువు రాదు సార్" అన్నాడు దేవ్యా. "బిడ్డ రాసింది పేపర్ల వచ్చిందని తండంత అన్నరు. నేనె తెచ్చి పెట్టిన. గిండ్ల దాని పేరు ఏడుందో జర చూపుండ్రి. ఇంట్ల అడిగితె ఎవరు చూపిస్తలేరు."

గుమ్మంలో సౌందర్య నిలబడి ఉంది. "నాయినా, సార్‌ను పోనియ్యి" అంది.

ఆ పిల్ల నన్ను కాపాడుతోందని అర్థమైంది. అది నేను భరించలేకపోయాను.

"దాంట్ల సౌందర్య పేరు లేదు దేవ్యన్నా. ఉండాల్సింది. నేను రాయలే."

"మర్సిండ్రా?"

"లేదు. కావాల్ననె రాయలే."

దేవ్యా గోడ దగ్గరికి వెళ్లాడు. కాగితం అడుగున లావు అక్షరాల్లో ఉన్న రెండు ముక్కల మీద వేలు పెట్టి, "మరి గిది ఎవరి పేరు?" అని అడిగాడు.

"నాది."

ఆయన వేలు తీసేశాడు. కోపం చేయలేదు. "నీళ్లు తాగుండ్రి సార్" అని, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సౌందర్య పేజీలో, ఆమె రాసిన దాని కింద, నా పేరుతో జరిగింది జరిగినట్టు రాశాను. తోటి విలేకరులు చాలామంది చదివారు. పత్రిక పరువు తీశావని రమేశ్ నాతో మాట్లాడటం మానేశాడు. నేనింకా అదే పేపర్లో పనిచేస్తున్నాను. సౌందర్య మాత్రం జవాబివ్వలేదు. ఇస్తుందేమోనని రోజుకు నాలుగుసార్లు ఫోన్ తీసి చూసుకుంటున్నాను.