గుట్ట మీది జంట

తానే తప్పు కవర్లో వేసి ఉంటుంది, లేకపోతే ఇలా ఎందుకు వస్తుంది, ఒకే పక్షి ఈకల్ని రెండు కవర్లలో వేసి ఒకదాని మీద ఆడ అనీ ఇంకొకదాని మీద మగ అనీ రాసి పంపి ఉంటుంది, ఈకలు ఏరిన రోజు ఎండ అలా ఉంది మరి, వాగు దాటి గుట్ట కిందికి చేరేసరికే కళ్ళు బైర్లు కమ్మాయి, అనుకుంటూ వినోద ఫోన్‌లోని బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూసింది, నల్లటి బొమ్మ, అందులో తెల్లటి గీతలు, మొదటి వరుసలో రెండు గీతలు, రెండో వరుసలోనూ రెండే, ఆడదైతే రెండు గీతలు వస్తాయి మగదైతే ఒక్కటే వస్తుంది, హైదరాబాదు ల్యాబులో పనిచేసే అజ్రా మొదటి రోజే చెప్పింది, అంటే గూట్లో ఉన్నవి రెండూ ఆడవే, కానీ ఎలా అవుతాయి, మూడేళ్ళుగా బెజ్జూరు అడవిలో ఆ గుట్ట అంచున ఒకే గూట్లో ఉంటున్న రాబందుల జంట, ఏటా ఒక గుడ్డు, వంతులవారీగా పొదగడం, ఏటా ఆ గుడ్డు మురిగిపోవడం, పిల్ల ఎందుకు కావడం లేదో తేల్చమనే కదా తనను ఆ పనిలో పెట్టింది, పక్షిని పట్టకుండా ముట్టకుండా అది రాల్చిన ఈకను ఏరుకొచ్చి, ఈక మొదట్లో అంటుకున్న రవ్వంత చర్మం నుంచి అది ఎవరో ఏమిటో తెలుసుకునే పని, వినోదకు చాలా ఇష్టమైన పని, మరి ఇప్పుడు ఈ కరీంనగర్ దవాఖానలో, ఈ ఇనుప కుర్చీలో, ఒళ్ళో ఆపరేషన్ కాగితం పెట్టుకుని, పక్కన అత్త బుచ్చవ్వను పెట్టుకుని, ఈ గీతలు ఇప్పుడే రావాలా.

అజ్రాకు ఫోన్ చేస్తే మొదటి మోతకే ఎత్తింది, అరె వినోదా పరేషాన్ కాకు, నేను కూడా నమ్మలే, మూడుసార్లు చేసిన, జంతుశాల మగ రాబందు నమూనా పక్కన పెట్టి చూసిన, దానికి ఒక్కటే గీత వచ్చింది, నీ రెండిటికి రెండేసి, కవర్లు మారినయేమో అజ్రా, నేనే కలిపేసిన్నేమో అని వినోద అంటే, లేదు, రెండు వేరే వేరే పక్షులు, అది కూడా చూసిన, అక్కాచెల్లెండ్లు కూడా కావు అంది అజ్రా, నవ్వింది కూడా, కానీ వినోదకు నవ్వు రాలేదు, ఆ గూటి కింద ఇంకో పక్షి వాలదని కాపలా కైలాసం చెప్పాడు, మేడం గా పెద్దది మొగడు, గా చిన్నది పెండ్లాం అని వేలు పెట్టి చూపించాడు, తానూ దుర్భిణి పెట్టి చూసి అవునంది, నిజానికి ఆ జాతిలో ఆడా మగా ఒకేలా ఉంటాయని తనకు తెలుసు, చదివింది, పరీక్ష రాసింది, అయినా అవునంది, ఎందుకంది, పుల్లలు మోసుకొచ్చేది మగది అనుకుంది, గూట్లో ఒదిగి కూర్చునేది ఆడది అనుకుంది, ఎవరు చెప్పారని అనుకుంది.

రెండు గీతలు, రెండు గీతల కోసమే కదా కాగజ్‌నగర్ ఇంట్లో స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని నెలనెలా ఆ ప్లాస్టిక్ పుల్లను వెలుతురుకు పట్టుకుని చూస్తుంది, అక్కడ ఎప్పుడూ ఒకటే, లేతగా రెండోది ఉందేమోనని కిటికీ దగ్గరికి, బల్బు కిందికి, మళ్ళీ కిటికీ దగ్గరికి, ఇక్కడ అడగని చోట ఇన్ని గీతలు, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు, పొద్దున రైల్లో పెద్దపల్లి దాకా కిటికీ పక్కన కూర్చుని ఏమీ ఆలోచించకూడదు అనుకుంది, డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి కెమెరా పంపి చూద్దామమ్మా, మత్తు ఇస్తాం, నొప్పి తెలియదు, ఇన్ని రోజులు సూదులు, గొట్టాలు, చల్లటి జిగురు పూసి స్కానింగులు, అన్నీ అయ్యాయి, ఇక ఇదొక్కటే మిగిలింది, మీ ఆయన రిపోర్టు ఏదీ అని డాక్టరమ్మ ఇవాళా అడిగింది, వచ్చేసారి తెస్త మేడం అని ఓంప్రకాశ్ ఇవాళా అన్నాడు, వచ్చినప్పుడల్లా అదే మాట, ఒకసారి దుకాణంలో సిమెంటు లోడు దిగుతుంది, ఒకసారి జ్వరం, ఒకసారి పెండ్లి, ఇంటికెళ్ళాక మాత్రం నాకేమైందే, మా ఇంట్ల మొగోళ్ళకు గసుంటియి ఎన్నడన్న ఉన్నయా అని, మంచివాడే, కొట్టడు తిట్టడు, తాను అడవికి పోతే అన్నం వండుకుని పెట్టుకునేవాడే, ఇప్పుడు కూడా చాయ్ తెస్తానని వెళ్ళాడు, ఆ ఒక్క మాట దగ్గరే తలుపు వేసుకుంటాడు, తానూ తట్టడం మానేసింది, ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు.

ఏందే బిడ్డా, అప్పటిసంది గా ఫోన్లకే సూస్తున్నవ్, గవేం గీతలు అంది బుచ్చవ్వ, మెడ సాచి, గుట్ట మీది రాబందులయి అత్తమ్మా, మొగడు పెండ్లాం అనుకున్నం గదా, రెండు ఆడియేనట అని వినోద చెప్పింది, చెబుతుంటే తనకే అబద్ధంలా వినిపించింది, బుచ్చవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ కదిలేలా నవ్వింది, రెండు పెట్టలేనా, ఓ యవ్వ, మరి గుడ్లెట్ల పెడుతున్నయి, పెడతయి అత్తమ్మా, కోడి పెట్టదా పుంజు లేకున్నా, పెడతది గని గది పిల్ల గాదు గదా, ఎన్ని దినాలు పొదిగినా లోపల నీళ్ళే, మీరేమో దుర్భిణీలు పెట్టుకొని మూడేండ్లు గా పెట్టనే తప్పు వట్టిన్రు, పుంజు సంగతి ఎవ్వలు సూడకపోయిన్రా, అంది బుచ్చవ్వ నవ్వుతూనే, అని, ఆ మాట చివర ఎక్కడో నవ్వు ఆగిపోయింది, ఇద్దరూ ఎదురుగా గోడ మీది పసిపిల్ల బొమ్మను చూశారు, బుచ్చవ్వ కొంగు సర్దుకుంది, సర్దుకున్న కొంగును మళ్ళీ సర్దుకుంది.

ఎవ్వలు సూడకపోయిన్రా, ఎవరూ చూడలేదు, తానూ చూడలేదు, పోయిన ఏడాది రిపోర్టులో గుడ్లు పిల్లలు కాకపోవడానికి కారణం అన్నచోట ఆడపక్షిలో లోపం ఉండి ఉండవచ్చు అని రాసింది ఎవరు, తనే, ఒక్క క్షణం కూడా ఆగకుండా రాసింది, అదే నెలలో మరదలి కొడుకును తొట్టెలలో వేసే రోజు పిల్లవాణ్ణి ఎత్తుకోబోతే చిన్నత్త మధ్యలోనే అందుకుని, దాన్ల ఏదో లోపమున్నది, ఇయ్యకున్రి అని పక్కామెతో అన్న మాట చెవిన పడి, ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది, ఏడ్చి కళ్ళు తుడుచుకుని, మర్నాడు రిపోర్టు పూర్తి చేసింది.

ఓంప్రకాశ్ కాగితం కప్పుల్లో చాయ్ పట్టుకొచ్చాడు, వేళ్ళు కాలుతున్నాయని ఒక కప్పు తల్లికిచ్చి ఒకటి కుర్చీ మీద పెట్టి, సంతకం పెట్టినవా, నర్సమ్మ అడుగుతున్నది అన్నాడు, ముందుగాల నీ పరీక్ష చేయించుకో, కిందనే ల్యాబ్ ఉన్నది, అది వచ్చినంక నేను పెడ్త, అంది వినోద, ఇంత మామూలుగా ఎలా వచ్చింది ఆ మాట, అన్నం తిన్నావా అని అడిగినట్టు, గిప్పుడా, గిప్పుడేందే, నాకేమైందని అంటూ అతడు అలవాటుగా తల్లి వైపు చూశాడు, బుచ్చవ్వ చాయ్ ఊదుకుంటూ, కప్పులోంచి తల ఎత్తకుండా, పో కొడుకా, ఏం బోతది, ఇంటికాడ ఎవ్వలకు చెప్పను అంది, అతడు నిలబడ్డాడు, జేబు తడుముకున్నాడు, తర్వాత మెట్లు దిగి వెళ్ళాడు, చెప్పులు టపటపమంటూ కింది అంతస్తు దాకా వినిపించాయి.

పరీక్షలో ఏం వస్తుందో వినోదకు తెలియదు, అతనిదే కావచ్చు, తనదే కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు, ఆ రెండు రాబందులు అన్ని వందల మైళ్ళ ఆకాశంలో ఒక్క మగది దొరకక కలిశాయో, ఒకదానికొకటి నచ్చే కలిశాయో అదీ తెలియదు, ఆకాశంలో మగదే లేకపోతే ఇక గుట్ట గతేమిటో తెలియదు, అజ్రాకు ఏమని చెప్పాలో, పైవాళ్ళకు ఏమని రాయాలో, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి, ఆ కలగాపులగంలో ఒక్కటి మాత్రం తేటగా నిలిచింది, చిన్నత్త తన గురించి అన్న మాటను, తనను పొయ్యి ముందు కూర్చోబెట్టి ఏడిపించిన ఆ మాటనే, తెల్లారి లేచి తన చేత్తో ఆ పక్షి మీద రాసింది తనే.