రెక్కల అమ్మవారి కాసు

మలేషియాలోని క్లాంగ్‌లో కంసాలి కొట్టు ముందు కిషేన్ కారు ఆపేసరికి తనూష గాజులు సర్దుకుంటోంది. మంగళసూత్రానికి బంగారం కరిగించే ముహూర్తం అది. మూసలో పడబోయేది తనూష వాళ్లింటి రెక్కల అమ్మవారు.

ఎప్పుడో రోమ్ రాజు యుద్ధం గెలిచి కొట్టించిన కాసు. ఏ చేతులు మారి శ్రీకాకుళం చేరిందో దేవుడికే ఎరుక. రబ్బరు తోట పనికి ఓడెక్కిన ముత్తవ్వ కొంగున ముడేసుకుని తెచ్చింది. ఒక పక్క రాజు తల. రెండో పక్క రెక్కలున్న ఆడమనిషి, ఆమె కాళ్ల దగ్గర మోకరిల్లిన చిన్న మనిషి. అమ్మవారూ, దణ్ణం పెట్టే భక్తుడూ అనుకున్నారు ఇంటిల్లిపాదీ. తరతరాల పసుపు కుంకుమలకు బొమ్మ సగం పూడిపోయింది.

పెళ్లికొడుకు కిషేన్ నవ్వుతూ తనూష అమ్మమ్మ కన్నమ్మకు చెయ్యందించి దింపాడు. బంగారంలాంటి పిల్లడని అందరూ మెచ్చుకుంటారు. ఎవరితో మాట్లాడావని అడిగినప్పుడల్లా ఆ చెయ్యి తన మణికట్టును ఎలా నొక్కుతుందో తనూషకే తెలుసు. చెబితే ఎవరు నమ్ముతారు? పెళ్లంటే నూరేళ్ల పంట అంటారు. అందుకే ఆ గుర్తులు కనపడకుండా మోచేతి దాకా గాజులు వేసుకుని వచ్చింది.

కరిగించే ముందు కంసాలి కాసును నిమ్మరసంతో తోమాడు. బొమ్మ తేటపడింది. తనూష భూతద్దం అడిగి చూసింది. భక్తుడు దణ్ణం పెట్టడం లేదు. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి. వాడు ఓడిపోయినవాడు. రెక్కలావిడ గెలిచినవాడి మనిషి.

"దీన్ని కరిగించొద్దు," అంది. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

"టైమ్ అయిపోతాంది లా," అన్నాడు కిషేన్ మలేషియా యాసలో, నవ్వు చెదరకుండా. బల్ల కింద అతని వేళ్లు గాజులతో సహా మణికట్టును బిగించాయి. ఒక గాజు చిట్లింది.

కన్నమ్మ తల తిప్పింది. "ఏటే ఆ సప్పుడు?"

తనూష కాసును అమ్మమ్మ ముందుకు జరిపింది. భూతద్దం అమ్మమ్మ చేతిలో పెట్టి, ఎలాగో అంది: "సూడమ్మమ్మా. ఆ మనిసి సేతులు సూడు."

ముసలామె కాసును చాలాసేపు చూసింది. తర్వాత మనవరాలి చెయ్యి పట్టి బల్ల మీదికి లాగి, గాజులు పైకి తోసింది. కమిలిన పాత మచ్చలు, వాటి మీద కొత్త నెత్తురు.

కంసాలి మంట ఆపేశాడు.

"ఇన్నేళ్లూ మనిసిని కట్టేసినోడికి బొట్టెట్టి మొక్కినాను," అంది కన్నమ్మ. కాసును కొంగున ముడేసుకుంది. "లెగు. ఇంటికి ఎల్దాం."

కిషేన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కారు తాళం అతని వేలికి తిరుగుతోంది. తనూషకు భయం ఏమీ తగ్గలేదు. అయినా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.