మామగారి రాయి వయసు

ఖండం చీలడం మొదలైనప్పుడు ఏర్పడిన ఆ లోయలోని రాళ్ళు నూటపది కోట్ల ఏళ్ళ నాటివని మా మామగారు ముప్పై ఏళ్ళపాటు ఒకే మాట మీద నిలబడ్డారు. మిగతా భూగర్భ శాస్త్రవేత్తలంతా డెబ్బై అయిదు కోట్లేనన్నారు. నేను పళ్ళ డాక్టర్ని, నాకు రెండూ ఒకటే. ఆయన మాత్రం ఆ తేడా కోసం స్నేహితుల్ని దూరం చేసుకున్నారు, సభల్లో చివరి వరసకి జరిగారు, భోజనాల దగ్గర నా బుర్ర తినేశారు.

చివరికి తేల్చింది ఆయన కూతురు, అంటే మా ఆవిడ. ఆవిడదీ అదే చదువు. లోయలోని ఇసుకరాయిని మరలో పొడి చేసి, అందులోంచి జిర్కాన్ అనే ఖనిజం గింజలు ఏరింది. జిర్కాన్‌లో కాస్త యురేనియం ఉంటుంది, అది నిదానంగా సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. తనలోని గింజలన్నిటికంటే వయసులో చిన్నది పుట్టక ముందే ఇసుకరాయి తయారవదు కదా, అంతవరకు నాకూ అర్థమైంది. మా ఆవిడకు డెబ్బై అయిదు కోట్ల ఏళ్ళ గింజలు మూడు దొరికాయి. మామగారి వాదన మట్టి కరిచింది.

ఆయన ఇల్లు పీకి పందిరేస్తారని భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. తర్వాతి సభలో లేచి నిలబడి, "నేను పొరబడ్డాను. నా కూతురు సరిదిద్దింది" అని కూర్చున్నారు.

అక్కణ్ణుంచి ఆయన దశ తిరిగింది. ముఖం చాటేసినవాళ్ళు ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నారు. తప్పు ఒప్పుకోవడమంటే ఈయనలా ఒప్పుకోవాలని కుర్ర శాస్త్రవేత్తలకి పాఠం చెప్పారు. శాస్త్రవేత్తల సంఘం వాళ్ళయితే ఏకంగా సన్మానం పెట్టారు.

సరిగ్గా సన్మానం ముందురోజు మా ఆవిడ నల్లబడ్డ ముఖంతో ఇంటికొచ్చింది. ఒక రాయి తర్వాత ఇంకో రాయి పొడి చేసే ముందు మరని విప్పి, బ్రష్షుతో తుడిచి, గాలి కొట్టాలి. తనకంటే ముందు వాడినవాళ్ళు మరలోని ఇనప పలక వెనక సందు తుడవడం మరిచిపోయారు, తనూ చూసుకోలేదు. ఆ సందులో వాళ్ళ రాతి పొడి మిగిలింది, ఆ మూడు గింజలూ దాంట్లోవే. మరని శుభ్రం చేసి మళ్ళీ చూస్తే అంత చిన్న వయసు గింజ ఒక్కటీ లేదు. పైగా ఆ ఇసుక పొరల మధ్యే ఇరుక్కున్న అగ్నిపర్వతపు బూడిద దొరికింది. దాని వయసు నూటపది కోట్లు.

"నాన్నా, నువ్వు చెప్పిందే నిజం" అంది.

ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సన్మానం అయ్యాక చెబుదువుగానిలేమ్మా."

"అదేంటి నాన్నా?"

"ముప్పై ఏళ్ళు నిజం చెప్పాను. కూర్చోమన్నవాడు లేడు. ఒక్కసారి తప్పన్నాను, ఇదిగో, కుర్చీ వేసి పిలుస్తున్నారు. ఈ ఒక్కరోజు కూర్చోనీ."

మా ఆవిడ ఏడ్చింది కానీ దిగిరాలేదు. మొండితనంలో ఆవిడ అచ్చం ఆయన కూతురే.

సభలో జ్ఞాపిక ఆయన చేతికి ఇస్తుండగా ఆవిడ వేదికెక్కి, మర సంగతంతా చెప్పేసి, తప్పు తనదేనంది. హాలంతా చప్పట్లు, ఆయనకు కొట్టినవాటికి రెట్టింపు. అధ్యక్షుడు కళ్ళు ఒత్తుకుని, "తండ్రిని మించిన నిజాయితీ" అంటూ జ్ఞాపికని ఆయన చేతుల్లోంచి తీసుకుని ఆవిడ చేతుల్లో పెట్టాడు. అందరూ ఆవిడ చుట్టూ మూగి ఫోటోలు దిగారు.

మామగారు వేదిక మెట్లు దిగి, తన పాత చోటుకే, చివరి వరసకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన ఖాళీ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

"రాయి వయసెంతని ఒక్కరైనా అడిగారా అల్లుడూ?" అన్నారు మెల్లగా.

"లేదు మామయ్యగారూ."

భోజనాల దగ్గర వెయ్యిసార్లు విన్నదే, అయినా అడిగాను.

"ఎంతండీ?"

ఆయన నా వైపు తిరిగారు. చొక్కా సర్దుకున్నారు.

"నూటపది కోట్ల ఏళ్ళు" అన్నారు.